మొదటి నుంచి చివరి దాకా వినదగ్గ ఆల్బమ్‌లు చెప్పండి, ఏ సంగీతమైనా సరే

కొత్త చెవి:
అందరికీ నమస్కారం. నేను సినిమా పాటలు విని పెరిగినవాడిని. అవి కూడా విడివిడిగానే. ఇక్కడొకటి, అక్కడొకటి, నచ్చకపోతే సగంలోనే మార్చేయడం. ఒకరు చేసిన పనిని గంటసేపు కుదురుగా కూర్చుని విన్న అనుభవం దాదాపు లేదు. ఇప్పుడు అది కావాలనిపిస్తోంది. కర్ణాటకం, హిందుస్తానీ, పాశ్చాత్య శాస్త్రీయం, రాక్, యాంబియెంట్ అంటున్నారే అది, సినిమా సంగీతం, ఏదైనా సరే. ఒక్కటే మనవి. పేర్ల పట్టిక ఇచ్చి వెళ్ళిపోకండి. పట్టికలు నెట్‌లో కోకొల్లలు. మీ మనసుకు బాగా దగ్గరైనది ఒకటి చెప్పి, దాన్ని మొత్తంగా ఎందుకు వినాలో, మొదటిసారి వినేవాడు దేని మీద ధ్యాస పెట్టాలో చెప్పండి.

పాత టేపు:
సినిమా పాటల నుంచి వస్తున్నారు కాబట్టి ఇళయరాజాతో మొదలుపెట్టండి. సినిమా పాటలతో మాత్రం కాదు. 1986లో ఆయన 'హౌ టు నేమ్ ఇట్' అనే వాద్య సంగీతపు ఆల్బమ్ చేశారు. దాన్ని త్యాగరాజుకూ, జర్మన్ వాగ్గేయకారుడు బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చారు. ప్రధాన వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌ది. అప్పట్లో మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో ఎన్నో పాటల్లో మనం విన్న వయొలిన్ ఆయనదే.

ఇందులో బాఖ్‌ను ఇంట్లో కలుసుకున్నట్టు పేరు పెట్టిన ఒక భాగం ఉంది. బాఖ్ ఒంటి వయొలిన్ కోసం రాసిన మూడో పార్టీటా (కొన్ని భాగాలు వరుసగా వచ్చే వాద్య రచన) మొదటి భాగం వినిపిస్తూ ఉంటే, దాని పక్కన ఇళయరాజా తన వాద్యబృందాన్ని నడిపిస్తారు. అసలు స్వరాలు చెక్కుచెదరవు. చుట్టూ ఉన్న వాద్యాలు మాత్రం వాటిని ఇంకో ఊరికి తీసుకుపోతాయి. మొదటిసారి వింటున్నప్పుడు వయొలిన్‌ను వదిలేసి కింద ఉన్న బాస్ గీతను మాత్రమే పట్టుకోండి. ఆయన సినిమా పాటల్లోనూ సగం అందం అక్కడే ఉంటుంది, కానీ గాయకుడి గొంతు వినిపిస్తున్నంతసేపు మనం అటు చూడం. ఈ ఆల్బమ్‌లో గొంతు లేదు కాబట్టి తప్పించుకునే వీలు లేదు.

ఇది నచ్చితే 1988లో హరిప్రసాద్ చౌరసియా వేణువుతో చేసిన 'నథింగ్ బట్ విండ్' వినండి. కానీ మొదట ఇదే.

రాత్రి డ్యూటీ:
యాంబియెంట్ గురించి నేను చెబుతాను. రాత్రుళ్ళు పనిచేసే నాకు కొన్నేళ్ళుగా ఇదే తోడు.

బ్రయాన్ ఈనో అనే బ్రిటిష్ సంగీతకారుడు 1975 మొదట్లో టాక్సీ గుద్దుకుని మంచాన పడ్డాడు. చూడడానికి వచ్చిన స్నేహితురాలు 18వ శతాబ్దపు హార్ప్ సంగీతం రికార్డు ఇచ్చి వెళ్ళింది. ఎలాగో లేచి దాన్ని పెట్టుకుని మళ్ళీ పడుకున్నాక తెలిసింది, శబ్దం బాగా తక్కువగా ఉందని. పైగా స్టీరియోలో ఒక వైపు పనిచేయడం లేదు. లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వాన. ఆ వాన చప్పుడులో కలిసిపోయిన హార్ప్‌ను అలాగే విన్నాడు. గదిలోని వెలుతురులాగా, వాన శబ్దంలాగా పరిసరాల్లో ఒక భాగమైపోయే సంగీతం ఉండవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. అదే ఏడాది 'డిస్క్రీట్ మ్యూజిక్', 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వచ్చాయి.

మీకు రెండోది చెబుతాను. అందులో నాలుగు భాగాలు. వాటికి పేర్లు కూడా లేవు, రికార్డు ఏ వైపు ఎన్నోది అన్న అంకెలే. రెండో భాగం చేసిన తీరు వినండి. కొందరు స్త్రీలు ఒక్కొక్క స్వరాన్ని 'ఆ' అని పట్టి నిలుపుతారు. ఆ ఒక్కొక్క స్వరాన్ని టేపు ముక్క మీదికి ఎక్కించి, రెండు కొసలూ అతికించి, తిరుగుతూ ఉండేలా చేశాడు. టేపు ముక్కల పొడవులు వేరు. ఒక స్వరం 23న్నర సెకన్లకు మళ్ళీ వస్తుంది, ఇంకొకటి దాదాపు 26 సెకన్లకు, మరొకటి దాదాపు 30 సెకన్లకు. ఒకసారి కలిసిన స్వరాలు మళ్ళీ అదే విధంగా ఎప్పటికో గానీ కలవవు. రాగం కట్టినవారు లేరు, తాళం వేసేవారు లేరు, అయినా సంగతులు, అంటే కొత్త కొత్త స్వరాల అల్లికలు, పుడుతూనే ఉంటాయి.

శబ్దం బాగా తగ్గించి పెట్టండి. ఏదైనా పని చేసుకుంటూ వినండి. శ్రద్ధగా వినాలన్న నియమం దీనికి లేదు. విననప్పుడు కూడా గది మారిపోయి ఉంటుంది.

తంబురా శ్రుతి:
రాత్రి డ్యూటీ గారు ఇదివరకొకసారి చెప్పినప్పుడు ఆ ఎయిర్‌పోర్ట్ సంగీతం పూర్తిగా విన్నాను. గౌరవంతోనే చెబుతున్నాను. దానిలో గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) లేదు, గమనమూ లేదు. స్వరం అంటే ఒక చోట నిలబడిన శబ్దం కాదు. కాంభోజి రాగంలో నిషాదాన్ని పాడేవారు అక్కడికి ఎలా చేరారో, ఎలా దిగారో, అదే సంగీతం. ఆ దారిని తీసేసి స్వరాలను వేలాడదీస్తే వినడానికి హాయిగా ఉండవచ్చు, కానీ హాయి ఒక్కటే చాలదు.

ఇంకో మాట. మన సంగీతానికి అసలు ప్రమాణం కచేరీ. ఆల్బమ్ అనేది రికార్డు కంపెనీల సౌకర్యం కోసం వచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు ఒక వైపుకు మూడు మూడున్నర నిమిషాలే పట్టేది. ఆ కాలపు మహానుభావులు రాగాన్ని ఆ మూడు నిమిషాలకు కుదించి ఇచ్చారు. అది వారి గొప్పతనం, రికార్డుది కాదు.

రాత్రి డ్యూటీ:
మాస్టారూ, కచేరీ మొదలయ్యే ముందు తంబురాలు శ్రుతి చేస్తారు చూడండి, ఆ కొద్ది నిమిషాలు నాకు ప్రాణం. నాలుగే తీగలు, పంచమ షడ్జాలు. పాడేవారు ఇంకా నోరు తెరవలేదు. అయినా ఆ నాదంలో ఎవరూ మీటని స్వరాలు పైన తేలుతుంటాయి, అంతర గాంధారం అనే స్వరం దానంతట అదే పలుకుతుంది. ఈనో సంగీతంలో నేను వింటున్నది సరిగ్గా దాన్నే. అది రాగం కాదన్నది నిజమే. రాగానికి ముందున్న స్థితి అది. దానికీ ఒక గంట ఇవ్వవచ్చని నా ఉద్దేశం.

తంబురా శ్రుతి:
శ్రుతి నాదం విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆ తర్వాత పాట రావాలి కదా అన్నదే నా మాట.

గోదావరి గట్టు:
మీ ఇద్దరి వాదనకూ మధ్యలో ఒక ఆల్బమ్ ఉంది. అది మా పాలకొల్లు పిల్లవాడు చేసినదే.

మాండలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని వాద్యం మీద పలికించేవాడు. శ్రీనివాస్ వాయిద్యం అంతగా గాత్రంలా ఉండడానికి మూలం అదేనని నేను నమ్ముతాను. మాండలిన్‌కు మామూలుగా జంట తీగలుంటాయి, నాదం చప్పున ఆరిపోతుంది, గమకానికి లొంగదు. ఆయన జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలతో విద్యుత్ మాండలిన్ వాడుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ. అప్పటికి ఆయన వయసు పద్నాలుగు.

1995లో ఆయన పేరుతో, కెనడాకు చెందిన గిటారిస్టు మైకేల్ బ్రూక్ పేరుతో కలిపి 'డ్రీమ్' అనే ఆల్బమ్ వచ్చింది. బ్రిటిష్ గాయకుడు పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ ప్రచురణ. నైజెల్ కెనడీ వయొలిన్, జేన్ సిబెరీ గొంతు కూడా ఉన్నాయి. బ్రూక్ అచ్చంగా యాంబియెంట్ మనిషి. పొగమంచులాంటి గిటారు నాదం పరుస్తాడు. దాని మీద శ్రీనివాస్ గమకం దిగుతుంది. తంబురా శ్రుతి గారు అడిగిన దారి, రాత్రి డ్యూటీ గారు చెప్పిన నిలకడ, రెండూ ఒకేసారి వినిపిస్తాయి. ధ్యాస పెట్టవలసింది ఒక్కచోట: శ్రీనివాస్ ఒక స్వరాన్ని మీటి, రెండో మీటు లేకుండానే తీగను ఊపి పక్క స్వరానికి వెళ్ళే క్షణాలు. వెనక అంత విశాలమైన నాదం ఉండడం వల్ల ఆ చిన్న ఊపు కూడా స్పష్టంగా తెలుస్తుంది. మామూలు కచేరీ రికార్డింగులో మృదంగం, వయొలిన్ మధ్య అది ఒక్కోసారి కలిసిపోతుంది.

అదే సంస్థ నుంచి అంతకు ముందు ఏడాది 'రామ శ్రీరామ' అని అచ్చమైన కర్ణాటక ఆల్బమ్ వచ్చింది. రెండూ వరుసగా వింటే ఒకే చేయి రెండు చోట్ల ఎలా నడుచుకుంటుందో అర్థమవుతుంది. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఇంకా ఎంత ఉండేదో ఆ చేతిలో.

ఏ సైడు:
రాక్ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. బ్రిటిష్ బృందం పింక్ ఫ్లాయిడ్ చేసిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', 1973. అందరూ చెప్పేదే అని తెలుసు. అందరూ చెప్పినా మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు లేదు, ఎందుకంటే ఆల్బమ్ మొత్తాన్ని ఒకే కృతిగా వినాలన్న ఊహ మీదే దాన్ని కట్టారు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. పాటల మధ్య విరామం లేదు, ఒకటి ఇంకొకదానిలోకి జారుతుంది. కాలం, డబ్బు, మరణం, మతి తప్పడం, ఇవీ విషయాలు. నిడివి 43 నిమిషాలు.

లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. కాలం గురించిన పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారి గంట కొడతాయి. సౌండ్ ఇంజినీరు అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కోదాన్ని విడిగా రికార్డు చేసి తెచ్చి కలిపిన శబ్దం అది.

మన చెవికి దగ్గరి దారి ఒకటి ఉంది. రెండో వైపు మొదటి పాట నాణేల చప్పుడుతో మొదలవుతుంది. చేతి మీద లెక్క వేయండి, ఏడు. పాశ్చాత్య రాక్‌లో అరుదు గానీ, ఏడు లెక్కల మిశ్రచాపు తాళం విన్న మనకు కొత్త కాదు. గిటారు ఒంటరిగా విజృంభించే చోట అది నాలుగులోకి మారి మళ్ళీ ఏడుకు వస్తుంది. ఆ మలుపు దగ్గర చేయి ఆగకుండా లెక్క వేయగలిగితే పాట మీదైపోయినట్టే.

కొత్త చెవి:
ఏ సైడు గారూ, ఇంగ్లిషు పాటల్లో మాటలు నాకు సరిగ్గా అందవు. మాటలు ముందు చదువుకుని వినాలా?

ఏ సైడు:
అక్కరలేదు. మొదటి వైపు చివరి భాగం వినండి. దానిలో పాడినది క్లేర్ టారీ. ఆమె పాడినదానిలో ఒక్క మాట కూడా లేదు. స్టూడియోకు పిలిచి, మరణం గురించిన సంగీతం ఇది, మాటలు లేకుండా పాడమన్నారు. ఆమె ఆలాపన చేసింది, మన పద్ధతిలో కాదు, కేకకూ ఏడుపుకూ పాటకూ మధ్య ఏదో. ఆ రోజు ఆమెకు ముట్టింది 30 పౌండ్లు. ఆ బాణీలో తన భాగం ఉందని చాలా ఏళ్ళ తర్వాత కోర్టుకు వెళ్ళింది. 2005లో రాజీ కుదిరాక బృందంలో కీబోర్డు వాయించిన రిచర్డ్ రైట్ పేరు పక్కన ఆమె పేరు కూడా రచయితగా వేస్తున్నారు. నాకు ఆ ఆల్బమ్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే, ఆ పేరు చేర్చడం న్యాయమని గట్టిగా నమ్ముతాను.

హాస్టల్ గది:
రాక్ అంటే విదేశాలదే కానక్కరలేదు. ఇండియన్ ఓషన్ బృందం 'కందిస', 2000. తబలా, గిటారు, బాస్, డ్రమ్స్. నర్మదా నది మీద ఒక పాట ఉంది, 'మా రేవా'. ఆల్బమ్‌కు పేరుగా పెట్టిన పాట సిరియక్ భాషలోని క్రైస్తవ స్తోత్రం. తబలా వాయిస్తూ పాడిన అశీమ్ చక్రవర్తి ఇప్పుడు లేరు. హెడ్‌ఫోన్స్‌లో వద్దు, గదిలో నలుగురూ కూర్చుని వినండి.

మంచుదేశం:
టొరంటో నుంచి రాస్తున్నాను. ఇక్కడ రేడియో సంస్థ భవనం ముందు ఒక బల్ల మీద కూర్చున్నట్టు పియానో కళాకారుడు గ్లెన్ గూల్డ్ కంచు బొమ్మ ఉంది. చాలామంది పక్కన కూర్చుని ఫోటో దిగుతారు. తంబురా శ్రుతి గారు కచేరీయే ప్రమాణం అన్నారు కదా, దానికి పూర్తిగా ఎదురు నిలిచిన మనిషి ఈయన. 1964లో, ముప్పై రెండేళ్ళు నిండకముందే కచేరీలు మానేశారు. తర్వాత జీవితమంతా స్టూడియోలోనే. జనం ఎదుట ఒక్కసారి వాయించేదానికన్నా, రికార్డులో పలుమార్లు వాయించి ఎంచుకున్నదే సంగీతానికి న్యాయం చేస్తుందని వాదించారు.

బాఖ్ రచన 'గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్'. మొదట ఒక నెమ్మదైన పల్లవి లాంటి భాగం, దాని బాస్ నడక మీద ముప్పై వేరియేషన్లు (అదే నడకను రకరకాలుగా మార్చి అల్లినవి), చివర మళ్ళీ ఆ మొదటి భాగమే. గూల్డ్ దీన్ని 1955లో రికార్డు చేశారు, 38 నిమిషాలు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడి దూకుడు. 1981లో మళ్ళీ రికార్డు చేశారు, 51 నిమిషాలు. మరుసటి ఏడాదే మరణించారు. ఒకే రచన, ఒకే మనిషి, ఒకే వాద్యం. రెండింటిలోనూ మొదటి భాగం మాత్రం పక్కపక్కన పెట్టి వినండి. మొదటి దానిలో స్వరాలు నడుస్తాయి. రెండో దానిలో ఒక్కో స్వరాన్ని దించి, అది ఆరిపోవడం విని, తర్వాతిదాన్ని వేస్తారు. పియానో వెనక సన్నగా ఒక కూనిరాగం వినిపిస్తుంది, అది ఆయనదే. వాయిస్తూ పాడకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు. ఇంజినీర్లు ఎంత ప్రయత్నించినా పూర్తిగా పోలేదు, పోనందుకు నాకు సంతోషం.

తంబురా శ్రుతి:
మంచుదేశం గారి వాదన బలంగానే ఉంది. అయినా నా మాట మీద నిలబడతాను. మన గాయకుడు ఒక సంగతి వేసినప్పుడు ఎదురుగా కూర్చున్న రసికుడి 'భేష్' వల్ల తర్వాతి సంగతి మారుతుంది. స్టూడియో గోడలు భేష్ అనవు.

కానీ ప్రశ్న అడిగిన వారికి ఆల్బమ్ కావాలి కాబట్టి ఒకటి చెబుతాను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల. అయిదు రికార్డుల సంపుటి. అన్నమాచార్య కీర్తనలు ఇంటింటా మోగడానికి కారణాల్లో ఇది మొదటి వరుసలో ఉంటుంది. అందులో 'నానాటి బతుకు నాటకము' వినండి. రేవతి రాగంలో నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టిన బాణీ. రేవతి అయిదు స్వరాల రాగం, గాంధారం లేదు, ధైవతం లేదు. వేదం చదివే స్వరానికి దగ్గరగా ఉంటుంది. అంత వైరాగ్యపు సాహిత్యానికి ఆ రాగం ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. మిగతా సగం ఎం.ఎస్. గారిది. ఆమె మాతృభాష తమిళం. అయినా 'కానక కన్నది' అన్నప్పుడు ప్రతి అక్షరం తెలుగు ఇంట్లో పుట్టినట్టు పలుకుతుంది. ఎక్కడా భావాన్ని ఒత్తి చెప్పరు. గొంతు పెంచరు. నేటి గాయకులు చాలామంది అదే కీర్తనను కన్నీళ్ళతో పాడుతున్నారు. ఎం.ఎస్. గారు కన్నీళ్ళు వినేవారికి వదిలేశారు.

సన్నజాజి:
సినిమా విభాగం ఖాళీగా ఉంది, నేను నింపుతాను. 'శంకరాభరణం', 1980. దీన్ని పాటలుగా అందరూ విన్నారు, ఆల్బమ్‌గా ఎంతమంది విన్నారో నాకు సందేహమే. ఒకే కూర్పులో సదాశివ బ్రహ్మేంద్రుల 'మానస సంచరరే', మైసూరు వాసుదేవాచార్యుల 'బ్రోచేవారెవరురా', భద్రాచల రామదాసు కీర్తన, వాటి పక్కనే వేటూరి కొత్తగా రాసిన పాటలు. మూడు శతాబ్దాల రచనలు ఒకే ఇంటివిలా వినిపిస్తాయి. వాటిలో ప్రధానమైన గొంతు శాస్త్రీయ సంగీతాన్ని పద్ధతిగా నేర్చుకున్నది కాదు. బాలసుబ్రహ్మణ్యం గారి చేత ఇది పాడించడానికి కె.వి. మహదేవన్, ఆయన సహాయకుడు పుహళేంది పడిన శ్రమ ప్రతి సంగతిలోనూ తెలుస్తుంది. ముగ్గురికి జాతీయ పురస్కారాలు వచ్చాయి: మహదేవన్, బాలు, వాణీ జయరాం.

ధ్యాస పెట్టవలసిన చోటు వాణీ జయరాం గారి భాగాలు. అందరూ బాలు గారి గురించే మాట్లాడతారు. 'దొరకునా ఇటువంటి సేవ'లో ఆమె అందుకునే చోట స్వరస్థానం ఎంత నిటారుగా ఉంటుందో వినండి.

పాత టేపు:
సన్నజాజి గారూ, పాటలు గొప్పవే, ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ ఆల్బమ్ అనవచ్చా? సినిమా పాటలు కథలో సందర్భాల కోసం ముక్కలుగా పుట్టినవి. రికార్డు మీది వరుస ఎవరు నిర్ణయించారో కూడా తెలియదు.

సన్నజాజి:
వరుస కాదు, బాణీ ఒక్కటైతే ఆల్బమ్ అంటాను. సంగీత దర్శకుడు ఒక కథ కోసం ఒకే మనసుతో నెలల తరబడి చేసిన పని అది. పాట మధ్యలో నిశ్శబ్దం ఎంత ఉంచాలో కూడా ఒకే చేయి నిర్ణయించింది. అంతకన్నా ఐక్యత ఎక్కడ తెస్తారు?

నేపథ్యం:
ఈ వాదనకు ఇటలీ నుంచి ఒక ఉదాహరణ. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్', 1968. సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనె ప్రధాన బాణీలు చిత్రీకరణకు ముందే కట్టేశారు. దర్శకుడు సెర్జియో లియోనె షూటింగులో వాటిని వినిపిస్తూ నటులను నడిపించాడు. అంటే అక్కడ సంగీతం సినిమా కోసం ముక్కలు కాలేదు, సినిమాయే సంగీతం వెంట నడిచింది. ఒక్కో పాత్రకు ఒక్కో బాణీ. హార్మోనికా మూడు స్వరాలు గీరుకున్నట్టు పలికితే ఎవరు వస్తున్నారో తెలిసిపోతుంది. కథ తెలియకుండా రికార్డు మాత్రమే విన్నా మనుషులు కనిపిస్తారు.

ఇంకోటి, రాత్రి డ్యూటీ గారికి కూడా నచ్చుతుంది. గ్రీకు సంగీతకారుడు వాంగెలిస్ చేసిన 'బ్లేడ్ రన్నర్'. సినిమా 1982లో వచ్చింది. అప్పుడు బయటికి వచ్చిన రికార్డు ఇంకో వాద్యబృందం మళ్ళీ వాయించినది. వాంగెలిస్ స్వయంగా చేసినది అధికారికంగా విడుదల కావడానికి 1994 దాకా పట్టింది. సినిమా మాటలు, శబ్దాలు సంగీతంలో కలిపేశాడు. తెలుగు వాళ్ళకు ఇది వింతగా ఉండదు. మాటలూ పాటలూ కలిసిన సినిమా రికార్డులు పందిళ్ళలో మైకుల్లో విన్న తరం మనది.

గ్రామఫోన్ ముల్లు:
ఏం వినాలో చాలామంది చెప్పారు. ఎలా వినాలో నేను చెబుతాను, ఎందుకంటే మంచి ఆల్బమ్‌ను చెడ్డగా వింటే సగం పోతుంది.

మొదటిది, ఫోనులో షఫుల్ ఆపేయండి. పాటకూ పాటకూ మధ్య విరామం లేకుండా ఆడించే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. నేను వాడిన ఒక యాప్ పింక్ ఫ్లాయిడ్ పాటల మధ్య అర సెకను నిశ్శబ్దం పెట్టేది. గుండె చప్పుడు నుంచి పాటలోకి జారే చోట గొయ్యి పడినట్టుండేది. ఆ యాప్ అదే రోజు తీసేశాను.

రెండోది, ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) కాలపు ఆల్బమ్ అయితే వైపులు గుర్తుపెట్టుకోండి. ఒక వైపు ఇరవై నిమిషాలు చిల్లర. సంగీతకారులు దాన్ని రెండు అంకాల నాటకంలా రాసుకున్నారు. సీడీలోనూ ఫోనులోనూ ఆ విరామం పోయింది. మొదటి వైపు అయిపోయాక ఆపి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చి రెండో వైపు పెట్టండి. ఏ సైడు గారు చెప్పిన నాణేల చప్పుడు ఆ విరామం తర్వాత వింటేనే ఉలిక్కిపడేలా ఉంటుంది. అది అక్కడ ఉంచింది అందుకే.

ఇంకో సంగతి. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఆ వేగం మారదు. కానీ బయటి గాడి పొడవు ఎక్కువ, లోపలి గాడి పొడవు తక్కువ. లోపలికి వెళ్ళేకొద్దీ ఒక్కో సెకను సంగీతానికి దొరికే జాగా తగ్గుతుంది. తారస్థాయి శబ్దాలు అక్కడ మసకబారుతాయి. అందుకే చాలా రికార్డుల్లో హోరెత్తే పాటలు వైపు మొదట్లో, నెమ్మది పాటలు చివర్లో ఉంటాయి. డైర్ స్ట్రెయిట్స్ అనే రాక్ బృందం 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' 1985లో వచ్చినప్పుడు సీడీలో కొన్ని పాటలు ఎల్‌పీలో కన్నా నిడివిగా ఉన్నాయి. కొత్త సాధనం ఎక్కువ జాగా ఇచ్చింది కాబట్టి. ఆల్బమ్ ఆకారాన్ని కళాకారుడితో పాటు సాధనమూ నిర్ణయిస్తుందని తంబురా శ్రుతి గారు అన్నది నిజమే.

స్పీకర్లు ఖరీదైనవి కానక్కరలేదు. రెండూ మీకు సమదూరంలో ఉంటే చాలు.

హాస్టల్ గది:
ముల్లు గారూ, పాత రికార్డులు ఎక్కడ కొంటారు?

గ్రామఫోన్ ముల్లు:
హైదరాబాదులో అయితే అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో ఒక్కోసారి తగులుతాయి. కొనే ముందు వెలుతురుకు వాల్చి చూడండి. సన్నని గీతలు పరవాలేదు. గోరుకు తగిలే గీత ఉంటే వద్దు.

గోదావరి గట్టు:
హిందుస్తానీ ఎవరూ చెప్పలేదు. 1967 'కాల్ ఆఫ్ ద వ్యాలీ'. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి దినచర్య, తెల్లవారుజామున అహిర్ భైరవ్ రాగంతో మొదలై రాత్రి రాగాల దాకా. రాగాలకు వేళలు ఉంటాయన్నది పుస్తకంలో చదివేకన్నా ఇక్కడ వింటే తెలుస్తుంది. ముగ్గురిలో ఒక్కరూ ముందుకు తోసుకురారు. రాత్రి డ్యూటీ గారూ, మీరు ఇది వినకపోతే వెంటనే వినాలి.

రాత్రి డ్యూటీ:
విన్నాను, ఎన్నో రాత్రులు. నా లెక్కలో యాంబియెంట్‌కు మన దగ్గర ముందు పుట్టిన అన్న ఇదే.

దానికి పూర్తిగా వేరే దిక్కు నుంచి ఇంకొకటి. చరణ్‌జీత్ సింగ్, బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన మనిషి. 1982లో పది రాగాలను జపాను సింథసైజర్ల మీద, డిస్కో తాళం మీద వాయించి ఒక రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక, తర్వాతి ఏళ్ళలో షికాగోలో పుట్టిన ఆసిడ్ హౌస్ అనే నృత్య సంగీతానికి ఇంత దగ్గరగా ముందే ఎలా చేశాడని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. తంబురా శ్రుతి గారు కోప్పడతారేమో గానీ, ఆ యంత్రం మీద భైరవ్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. దారి ఉంది మాస్టారూ.

తంబురా శ్రుతి:
కోపం లేదు. ఈ ఆదివారం వింటాను. డిస్కో తాళం విషయంలో మాత్రం ముందే మాట ఇవ్వను.

కొత్త చెవి:
అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటికి మూడు విన్నాను. 'హౌ టు నేమ్ ఇట్'లో పాత టేపు గారు చెప్పినట్టు బాస్ పట్టుకుని విన్నాను. బాఖ్ వయొలిన్ ఆపకుండా పరుగెత్తుతుంటే కింద బాస్ తీరిగ్గా వేరే కథ చెబుతోంది. ఆ తర్వాత ఇన్నాళ్ళూ విన్న సినిమా పాటలు కొన్ని మళ్ళీ పెట్టుకుంటే వాటిలోనూ అదే దొరికింది. 'డ్రీమ్' నాకు అన్నిటికన్నా బాగా నచ్చింది. గోదావరి గట్టు గారు చెప్పిన ఆ మీటు లేని జారుడు కోసం ఒక చోట నాలుగైదు సార్లు వెనక్కి వెళ్ళాను. ఎయిర్‌పోర్ట్ సంగీతం ఇంకా నాకు అందలేదు. ఇరవై నిమిషాలకు మనసు వేరే ఆలోచనల్లోకి పోయింది.

ఇంకొక కోరిక. తీగ మీద గమకం అంటే ఇష్టం పుట్టింది కాబట్టి అడుగుతున్నాను, వీణలో ఏది వినాలి?

రాత్రి డ్యూటీ:
మనసు వేరే ఆలోచనల్లోకి పోతే అది అందినట్టే. ఆ ఆలోచనలు ఎలాంటివో చూసుకోండి. మామూలుగా వచ్చేవేనా?

తంబురా శ్రుతి:
వీణ అంటే ఆంధ్రదేశంలో ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారు. శాస్త్రి గారు జెమినీ స్టూడియోలోనూ, తర్వాత ఢిల్లీ ఆకాశవాణిలోనూ పనిచేశారు. మీటు తక్కువ, నాదం ఎక్కువ. ఒక్క మీటుతో మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. మీరు మాండలిన్‌లో వెతుక్కున్నది ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఉంటుంది. ఆయన 'ఆదర్శ శిఖరారోహణం' దొరికితే విడవకండి. కొండ ఎక్కుతున్న మనిషి ఆయాసం, ఆగడం, మళ్ళీ లేవడం, అన్నీ వాద్యంలోనే.

చిట్టిబాబు గారి దగ్గర 'కొమ్మలో కోయిల'. కోయిల కూతలో స్వరం కింది నుంచి పైకి వంగుతుంది కదా, ఆ వంపును తీగ లాగి అచ్చంగా తెస్తారు. చాలామంది దీన్ని అనుకరణ అని తేలిగ్గా తీసుకుంటారు. నేను ఒప్పుకోను. కూత అయిపోయాక రాగంలోకి ఎలా తిరిగి వస్తారో అక్కడ వినండి, ఆయన ఎంతటివారో తెలుస్తుంది. ముందు గురువుగారిది వినండి, తర్వాత శిష్యుడిది. ఆ వరుస తిప్పకండి.